అల్లం బిళ్ళ రుచి తప్పలేదు

జరిగిన అన్యాయాలను ముందుగా వరుసలో నమోదు చేస్తున్నాను. మొదటి ఐదూ నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందటి సంవత్సరానివి. చివరి రెండూ ఈ సంవత్సరానివి.

కుమారస్వామి పండుగ ఆడికృత్తికకు ముందటి శుక్రవారం: మా సంస్థవారి అల్లం బెల్లం బిళ్ళకు చుట్టే కాగితం మారింది. బిళ్ళ మారలేదు.

వినాయక చవితి దాటిన వారం: పూతలపట్టు, చంద్రగిరి అంగళ్ళ నుంచి సరుకు వెనక్కి రావడం మొదలైంది. కారణం అడిగితే అందరిదీ ఒకే మాట: "కదలడం లేదు."

బ్రహ్మోత్సవాలు ముగిసిన పక్షం: సర్వే జరిపించి, "రుచి పాతబడింది" అని తేల్చారు.

కార్తీకంలో ఒక సోమవారం: పాకం పొయ్యి ఆర్పించారు. ఆ పొయ్యి ముందు తన యౌవనమంతా ఖర్చు చేసిన మేస్త్రీని ఇంటికి పంపించారు.

ధనుర్మాసం: అసలు కారణం వివరిస్తూ నేను సమర్పించిన నివేదికకు లిఖితపూర్వకమైన సమాధానం రాలేదు. భుజం మీద చెయ్యి వేసి మాట్లాడారు. దానిని సమాధానంగా నేను పరిగణించలేదు.

ఈ ఏడాది గంగజాతర రోజులు: సంస్థ వార్షికోత్సవ సంచికలో, "కాలంతో పాటు మారని అల్లం బిళ్ళ రుచిని ప్రజలు తిరస్కరించారు" అనే వాక్యం అచ్చయింది.

ఆ తరువాతి నెల: తిరుపతి బస్టాండు ఎదుట ఒక అంగడి యజమాని, మేస్త్రీ కూతురు తెచ్చిన బిళ్ళల సీసాను ఆ వాక్యం చూపించి తిప్పి పంపాడు.

నోట్లో వేసుకుంటే కాసేపటికి కరిగిపోయే బిళ్ళకు ఇంత పట్టికా అని, అమ్మకాల ఉద్యోగంలో కొత్తగా చేరిన మీరు నవ్వవచ్చు. నవ్వండి, అభ్యంతరం లేదు. అయితే నవ్వు ముగిశాక మిగతాది కూడా చదవండి. ఎందుకంటే మీరు రేపు ఇలాంటి సర్వేనే మరొక ఊళ్ళో జరిపిస్తారు. ఇలాంటి జవాబులే మీకూ వస్తాయి.

నేను ఒక మిఠాయిల సంస్థలో ఏరియా సూపర్‌వైజరుగా పనిచేశాను. ఒక కొసన నాయుడుపేట, మరొక కొసన చిత్తూరు. నడుమనున్న అంగళ్ళు నా బాధ్యత. మేము అమ్మేవి అద్దాల బీరువాల్లో ఉండే మిఠాయిలు కావు, అంగడి ముందు బల్ల మీద సీసాల్లో ఉండే బిళ్ళలు. మన సీసా ముందు వరుసలో ఉంటుందా, వెనుక వరుసలోకి జరుగుతుందా అన్నదే మా యుద్ధం. ముందు వరుసలో ఉన్న సీసాకు పిల్లల చెయ్యి అందుతుంది. వెనుక వరుసలో ఉన్నదానికి బల్లి తప్ప ఎవరూ దగ్గరికి రారు.

మా సీసాల్లో పేరున్నది అల్లం బెల్లం బిళ్ళ. చిత్తూరు బెల్లం, అల్లం రసం, కొద్దిగా మిరియాల పొడి. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: పిల్లలు దానికోసం నేల మీద పడి దొర్లేవారు కాదు. దానిని కొనేవారు వేరు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పే ప్రయాణికులు బస్సెక్కే ముందు కొనేవారు. గొంతు బొంగురుపోయిన బడిపంతుళ్ళు, భజన బృందాలవారు కొనేవారు. వక్కాకు మానమని డాక్టరు చెప్పిన ముసలివాళ్ళు భోజనమయ్యాక ఒకటి బుగ్గన పెట్టుకునేవారు. 'వినియోగదారుడి ఇష్టం' అని మీ పుస్తకాల్లో ఒకే మాటగా రాస్తారు. ఆ బిళ్ళ విషయంలో ఒకరికి నాలుక ఇష్టపడేది, ఒకరికి గొంతు, మరొకరికి కడుపు.

ఇంతలో సరిహద్దు అవతలి నుంచి పాలబిళ్ళ ఒకటి వచ్చి పడింది. కాగితం మీద ఉడత బొమ్మ. పిల్లలు దానిని ఉడతబిళ్ళ అనేవారు. మెత్తగా ఉండేది, పళ్ళకు అంటుకునేది, పాలవాసన గుప్పున కొట్టేది. సరుకు తీసుకున్న అంగడికి సీసా ఉచితం, దానితో పాటు ఒక పెద్ద రంగుల గొడుగు. మా జిల్లా ఎండల్లో గొడుగిచ్చినవాణ్ణి కాదనే అంగడివాడు ఎవరు? రెండు మూడు నెలలు తిరగకుండానే చిత్తూరు రోడ్డు పొడవునా ఉడతలు నీడనిస్తున్నాయి, మా సీసాలు వెనక్కి జరుగుతున్నాయి.

ఆ రోజుల్లో మా మార్కెటింగ్ మేనేజరు నాయుడుపేట వైపు మనిషి. నాకంటే వయసులో చాలా చిన్నవాడు, చురుకైనవాడు, మర్యాదస్థుడు. భక్తిపరుడు కూడా. శనివారాలు ఆఫీసుకు చెప్పుల్లేకుండా వచ్చేవాడు. ఈ కథలో దుర్మార్గుడి కోసం వెతికేవారు ఆయన దగ్గర ఆగవద్దు. నేను కూడా చాలాకాలం వెతికాను, దొరకలేదు.

పాకం మేస్త్రీ చంద్రగిరివాడు. వాళ్ళది ముస్లిం కుటుంబం; తాత, నాయన కూడా పెళ్ళిళ్ళకు మిఠాయిలు వండినవాళ్ళే. ఆయనకొక పట్టుదల ఉండేది. పాకం ముదిరే వేళ తన వెనకాల ఎవరూ నిలబడకూడదు. దిష్టి తగిలితే పాకం గరుకెక్కిపోతుందని ఆయన నమ్మకం. ఒకసారి మేనేజరే తెలియక వెళ్ళి వెనకాల నిలబడ్డాడు. మేస్త్రీ తల తిప్పకుండానే అన్నాడు:

"సార్, జర పక్కకు రండి. మీరు మేనేజరు, కాదనను. మీ కన్ను మేనేజరు కాదు కదా!"

మేనేజరు నవ్వి పక్కకు జరిగాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి అభిమానమే. ఉడతను ఓడించాలన్న పంతమూ ఇద్దరిదీ ఒకటే.

ఆడికృత్తికకు ముందటి ఆ శుక్రవారం మేనేజరు మమ్మల్నందరినీ సమావేశానికి పిలిచాడు. మేస్త్రీని కూడా కూర్చోబెట్టాడు.

"ఉడతకు ఎదురుగా మనం ఏం నిలబెట్టగలం?" అని అడిగి, తానే బల్ల మీద జవాబు పరిచాడు. పసుపురంగు కాగితం. దాని మీద కొండలు, కొండల మీద గోపురం, గోపురానికి పైన నామం. "ఇకమీదట ఇది తిరుపతి బిళ్ళ. అవతలివాళ్ళు ఎన్ని గొడుగులైనా పంచనీ, ఈ కొండను ఎక్కడి నుంచి తెస్తారు?"

గదిలో చప్పట్లు మోగాయి. మేస్త్రీ అందరికంటే ఎక్కువ పొంగిపోయాడు. "సూడండి సార్, మా బిళ్ళ కొండెక్కింది!" అన్నాడు. మా చిత్తూరు సేల్సుమన్ నోరు ఊరుకోని మనిషి. "దీపం కొండెక్కిందంటే ఏమో తెలుసు కదప్పా మేస్త్రీ?" అని అందుకున్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు.

తరువాత జరిగినదాన్ని శ్రద్ధగా చదవండి. కొత్త కాగితం చుట్టిన బిళ్ళ తలా ఒకటి ఇచ్చారు. తీసుకున్న ప్రతివారూ ముందు దానిని కళ్ళకద్దుకున్నారు. అలవాటుగా చుట్ట కొసలు లాగి పర్రున చించలేదు. అంచులు మెల్లగా విప్పి, బిళ్ళ నోట్లో వేసుకుని, కాగితాన్ని చదును చేసి, మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు. మేనేజరు దాచుకున్నాడు, నేను దాచుకున్నాను. మేస్త్రీ తన కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు పట్టుకుని, చివరికి తలపాగా మడతలో పెట్టుకున్నాడు. గది మూలన చెత్తబుట్ట ఖాళీగా ఉంది. అమ్మకాల్లో తలపండినవాళ్ళమని చెప్పుకునే మేమందరం ఆ ఖాళీ బుట్ట పక్కనుంచే నడిచి బయటికి వెళ్ళాము.

మొదటి వారాల్లో సరుకు వరదలా పోయింది. అంగళ్ళవారు మా సీసాను ముందు వరుసలోకే కాదు, ఇంకా పైకి, దేవుడి పటం పక్కకు చేర్చారు. కొందరు దానికి బొట్టు కూడా పెట్టారు. నేను సంతోషించాను. సరుకు అంగడికి చేరడం వేరు, నోటికి చేరడం వేరు అని మీకు ఎవరూ చెప్పి ఉండకపోతే, నేను చెబుతున్నాను. అంగడికి పంపినది అమ్మకం కాదు. అది మకాం మార్చిన నిల్వ.

చవితి పోయాక సీసాలు దుమ్ము పట్టడం మొదలైంది. వెనక్కి వస్తున్న సరుకు చూసి మేనేజరుకు నిద్ర కరువైంది. తిరుపతిలోని కాలేజీ విద్యార్థులను కొందరిని కుదిర్చి సర్వే జరిపించాడు. ప్రశ్నలు సక్రమమైనవే. కాగితం ఎలా ఉంది? పరిమాణం ఎలా ఉంది? ధర ఎలా ఉంది? రుచి ఎలా ఉంది? జవాబులు వచ్చాయి. కాగితం అద్భుతం, దివ్యం, చూడగానే చేతులు జోడించాలనిపిస్తుంది. ధరకు పేరు పెట్టినవారు లేరు. మరి ఎందుకు కొనడం లేదంటే, "ఏమో, ఆ రుచి ఇప్పుడు ఎవరికి కావాల," "ఘాటు జాస్తి," "పాతకాలపు బిళ్ళ కదా."

కాగితం మీద నింద లేదు కాబట్టి నింద పాకం మీదికి వెళ్ళింది.

మేస్త్రీ మొదట నమ్మలేదు. తరువాత కోపగించుకున్నాడు. ఆ తరువాత, చూడడానికి నాకు అన్నిటికంటే కష్టమైనది జరిగింది: ఆయన నమ్మాడు. అల్లం తగ్గించాడు. మళ్ళీ పెంచాడు. మిరియం తీసేశాడు. చిత్తూరు మండీకి స్వయంగా పోయి, బెల్లం దిమ్మెలు విరిచి చూసి తెచ్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం నేను పాకం గదిలోకి వెళితే, అప్పుడే కోసిన బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"సార్, అబద్ధం సెప్పొద్దు. ఇది ఎట్లుండాది?"

"ఎప్పటిలాగే ఉంది మేస్త్రీ. బాగుంది."

"మా ఇంట్లో కూడా అట్లే అంటాది. ఆమె నన్ను నొప్పించదు, ఆమె మాట లెక్కలోకి రాదు. మీరు నిజం సెప్పండి. నా నాలుకకు ఏమన్నా అయిందా? డాక్టరుకు సూపించినా. నోరు తెరిపించి టార్చిలైటు వేసి, 'అంతా బాగుండాది సాబ్' అన్నాడు. డాక్టరుకు పాకం గురించి ఏం తెలుస్తాది?"

మాట్లాడుతూనే పొయ్యివైపు తిరిగాడు. పాకం ముదురుతోంది. నేను అలవాటు ప్రకారం పక్కకు జరగబోయాను.

"ఉండండి సార్, ఆడనే ఉండండి," అన్నాడు. "ఇంక ఎవరు యాడ నిలబడితే ఏముండాది?"

ఆయన వెనకాల నేను నిలబడిన రోజు అదొక్కటే. కార్తీకంలో పొయ్యి ఆర్పారు.

ధనుర్మాసం మొదలయ్యాక, అమ్ముడుపోని సీసాలు వెనక్కి తెచ్చే పని నాకు అప్పగించారు. పూతలపట్టు కూడలిలో బస్సులు ఆగేచోట ఒక అంగడి ఉండేది. నడిపేది నడివయసు స్త్రీ. భర్త లారీ మీద తిరిగేవాడు, ఈమె బల్ల మీద నుంచి లేవకుండా కూడలినంతా ఏలేది. నేను వెళ్ళేసరికి చిత్తూరు నుంచి వచ్చిన బస్సు ఆగింది. చంటిపిల్లను చంకనేసుకున్న ఒక యువతి దిగి వచ్చింది.

"అక్కా, అల్లం బిళ్ళ ఉండాదా? ఘాటు రోడ్డు ఎక్కితే నాకు కక్కొస్తాది."

"ఉండాది కదమ్మా, అదో." అంగడి ఆమె మా సీసా మూత తీసింది.

ఆ యువతి చెయ్యి చాచింది, కాగితం చూసింది. చెయ్యి ఆగింది. "పాత కాగితంది లేదా? తెల్లది?"

"లేదమ్మా. ఇప్పుడంతా ఇదే."

"బస్సులో బిడ్డ చేతికి దొరికితే నోట్లో పెట్టుకుంటాది, కాళ్ళ కింద పడేస్తాది... వద్దులేక్కా. ఆ ఉడతది ఇయ్యి." ఉడతబిళ్ళ కొనుక్కుంది. వెళుతూ వెళుతూ మా సీసావైపు తిరిగి లెంపలేసుకుంది.

నేను ఎవరో అంగడి ఆమెకు తెలుసు. నా ముఖంలో ఏం కనబడిందో, బల్ల కిందికి వంగి ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత తెరిచింది. నిండుగా పసుపు కాగితాలు. చదును చేసినవి, మడతపెట్టినవి, కొన్నిటికి కుంకుమ కూడా అంటింది.

"ఏమమ్మా ఇవన్నీ?"

"ఏం సేసేది సామీ? బిళ్ళ నోట్లో యేసుకుంటారు, కాగితం నా సేతిలో పెడతారు. 'నువ్వే పెట్టుకోక్కా, మేం యాడ పారేసేది' అంటారు. పారేస్తే తొక్కుతారు. పొయ్యిలో ఎయ్యలేం. పారే నీళ్ళలో ఇడుద్దామంటే మన ఏట్లో నీళ్ళు యాడుండాయి? ఈ డబ్బా ఇంటికి తీసకపోతే మా అత్త దేవుడి గూట్లో పెట్టమనె. గూడు నిండిపాయ. నేనెన్నని దాచేది?"

"బడిపిల్లలు కూడా కొనడం లేదా?"

"బళ్ళో అయివారు మొత్తుకున్నాడంట, కాగితాలు కాళ్ళ కింద పడతాండాయని. ఉడతను సించితే ఎవురికేం? అదేమన్నా మొక్కు అడుగుతాదా?"

అడగవలసిన ప్రశ్న అడిగాను. "సర్వేకు కాలేజీ పిల్లలు వచ్చినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా? రుచి బాగలేదని రాయించావు కదా?"

ఆమె నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"దేవుడి బొమ్మ వద్దని నా నోటితో ఎట్ల సెప్పేది సామీ? అడుగుతాంటే గమ్మున ఉండలేం కదా, ఏదో ఒకటి సెప్పాల. రుచి మీద ఏసేసినా. బెల్లానికి కోపం రాదు కదా!"

మీరు ఎన్ని తరగతుల్లో ఎన్ని పాఠాలు విన్నా, ఈ చివరి మాటను వేరే పెట్టుకోండి. కొనేవాడు చెప్పే కారణం ఎప్పుడూ అతని కారణం కాదు. ఎవరినీ నొప్పించకుండా చెప్పగల కారణం. మా సర్వేలో అందరూ అదే చేశారు. ఒకరితో ఒకరు అనుకోకుండానే, నిందను మోయగలిగినదాని మీద, తిరిగి మాట్లాడలేనిదాని మీద పెట్టారు.

బెల్లానికి కోపం రాదన్న మాట నిజమే. ఆ బెల్లం వెనకాల నాలుక మీద టార్చిలైటు వేయించుకున్న మనిషి ఉన్నాడన్న సంగతి వారికి తెలియదు. నాకు తెలుసు. అందుకే నివేదిక రాశాను.

మేనేజరు దానిని నా ఎదుటే చదివాడు. చదివి, సొరుగు తెరిచి, మడతపెట్టిన పసుపు కాగితమొకటి తీశాడు. సమావేశం నాటిది. "నేను కూడా పారేయలేకపోయాను సార్," అన్నాడు. తరువాత నన్ను వెంటబెట్టుకుని యజమాని దగ్గరికి తీసుకుపోయాడు.

యజమాని పెద్దవయసు మనిషి. రోజూ నుదుట నామం లేకుండా ఆఫీసు మెట్లెక్కేవాడు కాదు. అంతా విన్నాడు. చివరికి అడిగాడు:

"అయితే ఏమంటావప్పా? సామి బొమ్మ తీసేయండని నన్ను ఉత్తర్వు రాయమంటావా? నా చేత్తో?"

"తీసేయమని రాయనక్కరలేదు సార్. పాత కాగితాన్ని పునరుద్ధరిస్తున్నాము అని రాస్తే సరిపోతుంది."

"మాటలు మార్చి రాస్తే మనుషులు మోసపోతారు. ఆయనకు తెలీదా?"

కొండమీది దేవుణ్ణి కాగితం మీదికి పిలిచేటప్పుడు గదినిండా చప్పట్లు కొట్టినవాళ్ళలో, దిగి వెళ్ళమని చెప్పగల నోరు ఒక్కటీ లేకపోయింది. ఆపిన బిళ్ళను ఆపినట్టే ఉంచితే కాగితం ప్రశ్న తలెత్తదు. రుచి పాతబడిందన్న సర్వే చేతిలో ఉండనే ఉంది. "రుచి మీద పోతే ఎవరికీ పాపం లేదు కదా సార్," అన్నాడు మేనేజరు, నా భుజం మీద చెయ్యి వేసి. పూతలపట్టు ఆమె చెప్పిన మాటే అది. ఆమె చెప్పినప్పుడు నాకు కోపం రాలేదు, ఈయన చెప్పినప్పుడు వచ్చింది. ఆమెకు మేస్త్రీ తెలియదు. ఈయనకు తెలుసు.

మిగిలిపోయిన కాగితపు చుట్టలను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అమ్మలేరు, కాల్చలేరు. గోడౌను పక్కనున్న చిన్న గదిలో పెట్టి తాళం వేశారు. వాచ్‌మన్ శనివారాలు గడప ముందు దీపం పెట్టేవాడు. చెప్పుల్లేకుండా వచ్చే మేనేజరు ఆ గది ముందు ఒక్క నిమిషం ఆగి వెళ్ళడం నేను చూశాను.

యజమానితో మాట్లాడిన వారంలోనే, ఆదివారం నాడు నేను చంద్రగిరి వెళ్ళాను. మేస్త్రీ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పూతలపట్టు డబ్బా సంగతి మొదటినుంచి చివరి వరకు చెప్పాను. ఆయన అడ్డురాకుండా విన్నాడు. ఎవరి మీదనైనా మండిపడతాడని అనుకున్నాను.

"అయితే సార్, బిళ్ళ బాగుండాదంటారా?"

"బాగుంది మేస్త్రీ. దానికేమీ కాలేదు."

"నాలుక?"

"నాలుకకు కూడా ఏమీ కాలేదు."

అప్పుడు నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "నేనే తలపాగాలో పెట్టుకుంటి కదా సార్! మన దేవుడి పేరుంటేనే కింద పెట్టలేం. ఇంకొకళ్ళ దేవుడైతే ఇంకా భయం. వాళ్ళదేం తప్పులేదు. నాకు ఇది సాలు." లోపలికి కేకేసి టీ తెప్పించాడు.

ఆయనకు అది చాలింది. నాకూ చాలి ఉండేది. ఆ తరువాత నేను ఉద్యోగ విరమణ చేశాను, సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాను.

కానీ ఆయన కూతురు ఊరుకోలేదు. ఇంటి పెరట్లో చిన్న పొయ్యి వేసి ఆ బిళ్ళను మళ్ళీ మొదలుపెట్టింది. మేస్త్రీకి ఇప్పుడు చూపు మందగించింది. కూతురి వెనకాల స్టూలు మీద కూర్చుని, వాసన పట్టి, "ఇంకా కొంచెం... దించు" అని చెబుతాడు. పాకం చూసేది ఆమె. "ఇప్పుడు నా వెనకాల నాయన కూర్చుంటాడు సార్. దిష్టి సంగతి అడిగితే, 'నాకు కన్నే కనబడదు, దిష్టి ఎట్ల తగులుతాది' అంటాడు," అని నవ్వుతూ చెప్పింది. తెల్ల కాగితం, దాని మీద ఒక్క అక్షరం లేదు. చంద్రగిరి అంగళ్ళలో నడుస్తోంది. అయితే చంద్రగిరితో పొయ్యి నిలబడదు. తిరుపతి బస్టాండులో ముందు వరుసలో ఒక సీసా ఉంటే, ఘాట్ రోడ్డెక్కేవారు దానిని నిలబెడతారు. అది లేకపోతే బ్రహ్మోత్సవాలు దాటాక ఆ పొయ్యి కూడా ఆరిపోతుంది.

ఆమె సీసా తీసుకుని బస్టాండు ఎదుటి అంగడికి వెళ్ళింది. ఆ యజమాని ఒకప్పుడు మా అల్లం బిళ్ళను చాలా అమ్మినవాడు. బిళ్ళ నోట్లో వేసుకున్నాడు, తల ఊపాడు. తరువాత, సంస్థ అందరికీ పంపిన వార్షికోత్సవ సంచిక బల్ల మీద పెట్టి, వేలితో ఆ వాక్యం చూపించాడు.

"నాకు బాగనే ఉండాదమ్మా. కానీ సూడు, సేసినోళ్ళే రాసుకున్నారు, జనం వద్దన్నారని. నేనెట్ల ముందర పెట్టేది? ఆళ్ళు ఇది తప్పని రాసిస్తే తీసకరా, రేపే పెడతా."

ఆమె ఇంటికి వెళ్ళి తండ్రికి ఆ వాక్యం చదివి వినిపించలేదు. అంగట్లో ఇప్పటికే సరుకు చాలా ఉందన్నారని చెప్పింది. వినిపించింది నాకు.

నేను సంస్థ కార్యాలయానికి స్వయంగా వెళ్ళాను. ఆనాటి మేనేజరు ఇప్పుడు ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడు. మర్యాద తగ్గలేదు. లేచి నిలబడ్డాడు, కాఫీ తెప్పించాడు, మేస్త్రీ ఆరోగ్యం అడిగాడు. విషయానికి వచ్చేసరికి మాత్రం, "రుచి కాదని రాస్తే, మరి కారణం ఏమిటని అడుగుతారు కదా సార్. అప్పుడేం చెప్పాలి?" అన్నాడు. ఆ రోజు శనివారం. ఆయన కాళ్ళకు చెప్పులు లేవు. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆయన నా ముఖంలోకి చూడలేదు. జాలి కలిగింది. అయినా జాలి వేరు, జవాబు వేరు.

కనుక ఆ సంస్థ యాజమాన్యం వారికి ఈ వ్యాస ముఖంగా సవినయంగానే, అయితే స్పష్టంగా, తెలియజేయునది:

కాగితం గురించి ఒక్క అక్షరం రాయమని నేను కోరడం లేదు. ఏ బొమ్మనూ ఎవరూ తప్పుపట్టలేదు, తప్పుపట్టరు. ఆ గది ముందు వెలిగే దీపం అలాగే వెలగనివ్వండి. నేను కోరేది ఇంతే. అల్లం బెల్లం బిళ్ళ రుచిని ప్రజలు తిరస్కరించినట్లు మీవద్ద సర్వే జవాబులు కాక వేరే ఆధారం ఉన్నదా, లేదా? ఉంటే చూపండి. లేకపోతే, ఆ వాక్యం పొరపాటున అచ్చయిందనీ, రుచిలో లోపం లేదనీ ఒక్క లేఖ ఇవ్వండి. కారణం రాయనక్కరలేదు. మేస్త్రీకి దానిని ఆయన కూతురు చదివి వినిపిస్తుంది. ఆ తరువాత బస్టాండు ఎదుటి అంగడికి తీసుకువెళుతుంది.

ఫోనులో చెప్పిన మాటను, మనిషితో పంపిన కబురును, భుజం మీద వేసిన చేతిని సమాధానంగా స్వీకరించను. సమాధానం లిఖితపూర్వకంగా, సంతకంతో, బ్రహ్మోత్సవాల రద్దీ మొదలు కాకముందే అందవలెను.

ఈ వ్యాసం ప్రతిని యాజమాన్యం వారికి వేరుగా పంపుతున్నాను.

జతచేసినది: అల్లం బెల్లం బిళ్ళ ఒకటి. చుట్టిన కాగితం మీద ఏ బొమ్మా లేదు. సంకోచించకుండా చించి, నోట్లో వేసుకుని, పూర్తిగా కరిగిన తరువాతనే జవాబు రాయవలసిందిగా కోరుతున్నాను.